పదవి పోయి తిరిగి వచ్చిన గవర్నర్ వార్తను తెలుగులో రాయడం ఎలా

2006 నవంబరు మొదటి వారంలో ఒక రాత్రి, హైదరాబాద్‌లోని ఒక తెలుగు దినపత్రిక డెస్క్‌లో నేను విదేశీ వార్తల పేజీ చూస్తుండగా, నైజీరియాలోని అనంబ్రా రాష్ట్ర గవర్నర్ పీటర్ ఒబీని అక్కడి శాసనసభ పదవి నుంచి తొలగించిందని వార్తా ఏజెన్సీ కాపీ (వార్త పాఠం) వచ్చింది. పేజీ వదలడానికి ఇరవై నిమిషాలే ఉండటంతో దాన్ని నాలుగు వాక్యాలకు కుదించి, ‘గవర్నర్‌కు ఉద్వాసన’ అని శీర్షిక పెట్టి సింగిల్ కాలమ్‌లో సర్దేశాను. మర్నాడు ఖైరతాబాద్ నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేసి, గవర్నర్‌ను తీసేయాల్సింది కేంద్రం కదా, అసెంబ్లీ ఎలా తీసేస్తుందని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఫిబ్రవరిలో ఒబీ తిరిగి పదవిలోకి వచ్చినప్పుడు ‘మళ్లీ ఒబీ గెలుపు’ అని రాశాను. జూన్‌లో మరోసారి అలాంటి కాపీయే రావడంతో మా చీఫ్ సబ్ ఎడిటర్ తల పైకెత్తి, ‘ఈయన ఎన్నిసార్లు గెలుస్తాడయ్యా?’ అన్నారు. నిజానికి ఆ మధ్యకాలంలో ఒబీ ఒక్క ఎన్నికలోనూ గెలవలేదు. వచ్చినవన్నీ కోర్టు తీర్పులే.

ఆ పొరపాట్ల తర్వాత నేను అలవాటు చేసుకున్న పద్ధతిని, కొత్తగా డెస్క్‌లో చేరేవారికి పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను. ఉదాహరణగా ఒబీ ఉదంతాన్నే తీసుకుంటున్నాను, ఎందుకంటే ఎన్నిక వివాదం, అభిశంసన, పునర్నియామకం అనే మూడు చిక్కుముళ్లూ ఒకే మనిషి విషయంలో పడ్డ సందర్భాలు అరుదు.

ముందు ‘గవర్నర్’ అన్న మాటను విప్పాలి

మన పాఠకుడికి గవర్నర్ అంటే సోమాజిగూడ రాజ్‌భవన్ గుర్తుకొస్తుంది. రాజ్యాంగం 155వ అధికరణ ప్రకారం రాష్ట్రపతి నియమించే వ్యక్తి, 156వ అధికరణ ప్రకారం రాష్ట్రపతి విశ్వాసం ఉన్నంతవరకు కొనసాగే వ్యక్తి అన్నమాట. నైజీరియాలోనూ అమెరికాలోనూ గవర్నర్‌ను ఓటర్లు నేరుగా ఎన్నుకుంటారు. రాష్ట్ర పాలన మొత్తం ఆయన చేతిలోనే ఉంటుంది కాబట్టి అధికారాల విషయంలో ఆయన మన ముఖ్యమంత్రికి దగ్గరగా ఉంటాడు. అందుకని కొందరు సబ్ ఎడిటర్లు ఏకంగా ‘ముఖ్యమంత్రి’ అని రాసేస్తారు; అది ఇంకా పెద్ద తప్పు. మన ముఖ్యమంత్రికి సభలో మెజారిటీ లేకపోతే మర్నాటికి పదవి ఉండదు, అక్కడి గవర్నర్ మాత్రం సభ మొత్తం ప్రత్యర్థి పార్టీ చేతిలో ఉన్నా తన నాలుగేళ్లూ ఏలవచ్చు. ఒబీ పరిస్థితి సరిగ్గా అదే. ఆయనది ఆల్ ప్రోగ్రెసివ్స్ గ్రాండ్ అలయన్స్ పార్టీ, సభలో ఆధిపత్యం పీపుల్స్ డెమోక్రటిక్ పార్టీది. అవిశ్వాస తీర్మానం అనే దారి లేని వ్యవస్థలో ఆయనను దించడానికి సభకు మిగిలింది అభిశంసన ఒక్కటే.

కాబట్టి మొదటి ప్రస్తావనలో ‘ఎన్నికైన గవర్నర్’ అని రాయండి. ఒక్క విశేషణంతో ఖైరతాబాద్ పెద్దాయన ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది.

‘అభిశంసన’ విషయంలోనూ జాగ్రత్త అవసరం. మన రాజ్యాంగంలో 61వ అధికరణ కింద రాష్ట్రపతిని తొలగించే ప్రక్రియకు ఈ మాట వాడతాం, సభలో ఒక మంత్రిని తప్పుపట్టే తీర్మానానికీ దీన్నే వాడేస్తాం. అమెరికాలో దిగువ సభ అభిశంసిస్తే అది ఆరోపణ మోపడం మాత్రమే. విచారించి తొలగించేది సెనేట్. నైజీరియా రాష్ట్రాల్లో రెండో సభ లేదు, పత్రికలు అభిశంసన అంటే తొలగింపు పూర్తయినట్టే రాస్తాయి. అందువల్ల కాపీ ఏ దేశానిదో చూసుకుని, అమెరికా అయితే ‘అభిశంసించింది, విచారణ సెనేట్‌లో జరగాలి’ అని, నైజీరియా అయితే ‘అభిశంసించి తొలగించింది’ అని విడమరచి రాయడం మేలు.

తేదీల పట్టిక లేకుండా పెన్ను కదపవద్దు

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన పని, అందరూ ఎగ్గొట్టేదీ ఇదే. ఒక తెల్లకాగితం మీద మూడు నిలువు గడులు గీసి తేదీ, జరిగింది, ఆ అధికారం ఎవరిది, కారణం ఏమిటి అని రాసుకోవాలి. మూడో గడి నింపలేకపోతే వార్త మీకు అర్థం కాలేదని లెక్క.

ఒబీ విషయంలో ఆ కాగితం ఇలా నిండుతుంది. 2003 ఏప్రిల్ 19న ఎన్నిక జరిగితే, పీపుల్స్ డెమోక్రటిక్ పార్టీ అభ్యర్థి క్రిస్ ఎన్‌గిగే గెలిచినట్టు ఎన్నికల సంఘం ప్రకటించింది, ఆయన మే 29న ప్రమాణం చేశాడు. ఒబీ ఎన్నికల ట్రైబ్యునల్‌కు వెళ్లగా, 2005 ఆగస్టు 12న ట్రైబ్యునల్ ఒబీయే అసలు విజేత అని తేల్చింది. ఎన్‌గిగే అప్పీలుకు వెళ్లడంతో మరో ఏడు నెలలు గడిచి, 2006 మార్చి 15న ఎనుగులోని అప్పీలు కోర్టు ఆ తీర్పును ఖరారు చేసింది. మార్చి 17న ఒబీ ప్రమాణం చేశాడు. నవంబరు 2న శాసనసభ ఆయనను తొలగించింది, ఉప గవర్నర్ వర్జీనియా ఎటియాబా గవర్నర్ అయ్యారు. నైజీరియా చరిత్రలో ఆ పదవిలో కూర్చున్న మొదటి మహిళ ఆమే. 2007 ఫిబ్రవరి 9న అప్పీలు కోర్టు ఆ తొలగింపు చెల్లదని చెప్పింది, ఒబీ తిరిగి వచ్చాడు. ఏప్రిల్ 14న రాష్ట్రంలో మళ్లీ ఎన్నిక పెట్టగా ఆండీ ఊబా గెలిచినట్టు ప్రకటించారు, మే 29న ఆయన ప్రమాణం చేశాడు. జూన్ 14న సుప్రీంకోర్టు ఆయనను దించి ఒబీని మూడోసారి కుర్చీలో కూర్చోబెట్టింది.

ఇప్పుడు మూడో గడి చూడండి. 2006 మార్చిలో ఒబీ వచ్చింది ఎన్నికల పిటిషన్ గెలిచినందువల్ల. 2007 ఫిబ్రవరిలో వచ్చింది శాసనసభ చర్య చెల్లనందువల్ల. 2007 జూన్‌లో వచ్చింది పై రెండింటితో సంబంధం లేని మూడో కారణం వల్ల, అంటే అసలు ఆ పదవి ఖాళీయే కాలేదు కాబట్టి దానికి ఎన్నిక పెట్టే అవకాశమే లేదన్నందువల్ల. ఈ మూడింటికీ తెలుగులో ‘తిరిగి గవర్నర్ పీఠం ఎక్కాడు’ అనే ఒక్క వాక్యమే రాస్తే చదివేవాడికి ఏమీ మిగలదు.

గడియారం ఎవరిది?

మూడో కారణం మన పాఠకుడికి మింగుడుపడదు, ఎందుకంటే మన దగ్గర గడియారం సభది. 172వ అధికరణ ప్రకారం శాసనసభ మొదటి సమావేశం నుంచి ఐదేళ్లు లెక్క. మధ్యలో ఎవరు వచ్చినా మిగిలిన కాలమే వారిది. హుజూరాబాద్ ఉప ఎన్నికలో 2021లో గెలిచినవారికి 2023 వరకే పదవి దక్కింది. 2018లో కొత్తగూడెం నుంచి వనమా వెంకటేశ్వరరావు ఎన్నిక చెల్లదని, రెండో స్థానంలో ఉన్న జలగం వెంకట్రావు ఎన్నికైనట్టేనని తెలంగాణ హైకోర్టు తీర్పు చెప్పేసరికి 2023 జులై వచ్చింది. ఆ తీర్పుపై తర్వాత సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది, కానీ స్టే రాకపోయినా జలగానికి దక్కేది ఐదేళ్లు కాదు, కొన్ని నెలలే.

నైజీరియా రాజ్యాంగంలో 180వ సెక్షన్ లెక్క వేరు. గవర్నర్ గడియారం గవర్నర్‌దే, ఆయన ప్రమాణం చేసిన రోజు నుంచి నాలుగేళ్లు. ఎన్నికల సంఘం ఎన్‌గిగే 2003 మే 29న మొదలుపెట్టిన నాలుగేళ్లు 2007 మేలో ముగుస్తాయని లెక్కగట్టి ఎన్నిక పెట్టేసింది. ఒబీ అడిగింది ఒక్కటే: ఎన్‌గిగే గెలవనే లేదని కోర్టే చెప్పినప్పుడు ఆయన కూర్చున్న కాలం నా ఖాతాలో ఎలా పడుతుంది? దిగువ కోర్టులు ఇది తమ పరిధి కాదన్నాయి, సుప్రీంకోర్టు మాత్రం ఒబీ నాలుగేళ్లు 2006 మార్చి 17న మొదలై 2010 మార్చి 17న ముగుస్తాయని తేల్చింది. ఆండీ ఊబా పదవీకాలం పదిహేడు రోజులతో సరి. ఇక్కడ ఒక విషయం గమనించాలి: ఇది ఊబా గెలుపుపై వేసిన ఎన్నికల పిటిషన్ కాదు. ఊబా రిగ్గింగ్ చేశాడా, ఓట్లు ఎక్కువ వచ్చాయా అన్న చర్చ ఈ తీర్పులో అవసరమే పడలేదు. కాబట్టి ‘ఊబా ఎన్నికల అక్రమాలపై సుప్రీం కొరడా’ వంటి శీర్షికలు తప్పుడు రాతలే.

ఇంకొక సూక్ష్మం ఉంది. ఒబీ అభిశంసన వల్ల పదవికి దూరంగా ఉన్న కాలం నవంబరు 2 నుంచి ఫిబ్రవరి 9 వరకు 99 రోజులు. ఆ రోజులను ఎవరూ ఆయనకు చివర్లో కలపలేదు. ఓయో రాష్ట్ర గవర్నర్ రషీదీ లడోజా ఇదే కోరాడు. 2006 జనవరి 12న ఆయనను తొలగిస్తే, డిసెంబరు 7న సుప్రీంకోర్టు ఆ తొలగింపు చెల్లదంది. పోగొట్టుకున్న పదకొండు నెలలూ తనకు పొడిగించమని ఆయన అడిగితే కోర్టు ఒప్పుకోలేదు. ప్రమాణంతో మొదలైన గడియారం మధ్యలో ఎవరు తలుపు మూసినా ఆగదన్నమాట.

అభిశంసన అంటే లెక్కలు వేయాలి

తొలగింపు సబబా కాదా అన్న చర్చలోకి దిగేముందు అంకెలు సరిచూడండి. నైజీరియా రాజ్యాంగం 188వ సెక్షన్ ప్రకారం శాసనసభ్యుల్లో కనీసం మూడో వంతు మంది సంతకాలతో ఆరోపణల నోటీసు ఇవ్వాలి. స్పీకర్ ఏడు రోజుల్లో దాన్ని గవర్నర్‌కు అందజేయాలి. నోటీసు ఇచ్చిన పద్నాలుగు రోజుల్లో విచారణ జరపాలా వద్దా అన్నది సభ మూడింట రెండు వంతుల ఓటుతో తేల్చాలి. ఆ తర్వాత స్పీకర్ కోరిక మీద రాష్ట్ర ప్రధాన న్యాయమూర్తి ఏడుగురితో కమిటీ వేస్తారు. అందులో ప్రభుత్వ ఉద్యోగులు, చట్టసభ సభ్యులు, పార్టీల వారు ఉండకూడదు. కమిటీ మూడు నెలల్లోగా నివేదిక ఇవ్వాలి. ఆరోపణలు రుజువు కాలేదని కమిటీ అంటే కథ అక్కడితో ముగుస్తుంది. రుజువైతే సభ మళ్లీ మూడింట రెండు వంతులతో నివేదికను ఆమోదించాలి.

అనంబ్రా సభలో 30 మంది కాబట్టి నోటీసుకు పది సంతకాలు, తొలగింపుకు ఇరవై ఓట్లు కావాలి. ఓయో సభలో 32 మందికి మూడింట రెండు వంతులంటే 22. లడోజాను తొలగించినది 18 మంది, నోటీసు వ్యవహారం సభాభవనంలో కాకుండా ఇబాదాన్‌లోని ఒక హోటల్లో నడిచింది. (ఇవాళ ‘ఓయో ఎమ్మెల్యేలు హోటల్లో సమావేశం’ అని రాస్తే హైదరాబాద్ పాఠకుడు ఏమనుకుంటాడో చెప్పనవసరం లేదు, ‘ఓయో రాష్ట్ర శాసనసభ్యులు’ అని నిండుగా రాయండి.) ప్లాటో రాష్ట్రంలో జాషువా దారియేను 2006 నవంబరులో తొలగించినది 24 మంది సభలో ఎనిమిది మంది. ఎనిమిది అంటే సరిగ్గా మూడో వంతు, నోటీసు ఇవ్వడానికి చాలినంత, అంతకు మించి దేనికీ చాలనంత. ఆయననూ 2007 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు పునర్నియమించింది. ఈ భాగహారం కాపీలో ఒక్క వాక్యంగా చేర్చితే కోర్టు ఎందుకు జోక్యం చేసుకుందో పాఠకుడికి వేరే చెప్పనక్కరలేదు.

జోక్యం గురించి కూడా ఒక మాట. అదే 188వ సెక్షన్లో పదో ఉప సెక్షన్ ఈ ప్రక్రియను ఏ కోర్టులోనూ ప్రశ్నించకూడదని చెబుతుంది. అయినా కోర్టులు ప్రశ్నించాయి. ముందున్న ఉప సెక్షన్లలోని మెట్లన్నీ పాటించినప్పుడే ఆ రక్షణ వర్తిస్తుందని లడోజా కేసులో సుప్రీంకోర్టు అర్థం చెప్పింది. ఆరోపణలు నిజమా కాదా అన్నది కోర్టు తేల్చలేదు. అందుకే ‘నిర్దోషిగా తేలాడు’, ‘కడిగిన ముత్యం’ లాంటి మాటలు ఇలాంటి వార్తల్లోకి రాకూడదు. పద్ధతి తప్పినందుకు తొలగింపు చెల్లకపోవడం ఒకటి, ఆరోపణ అబద్ధం కావడం మరొకటి.

1984తో పోల్చాలని చెయ్యి దురద పెడుతుంది

పోల్చకుండా ఉండలేం, నేనూ ఉండలేను. 1984 ఆగస్టు 16న గవర్నర్ రామ్‌లాల్ ఎన్టీ రామారావును బర్తరఫ్ చేసి నాదెండ్ల భాస్కరరావు చేత ప్రమాణం చేయించడం, అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని వచ్చిన మనిషి చక్రాల కుర్చీలో ఢిల్లీ వెళ్లి ఎమ్మెల్యేలను రాష్ట్రపతి ముందు నిలబెట్టడం, రామకృష్ణా స్టూడియోలో మొదలైన క్యాంపు కర్ణాటక దాకా సాగడం, సెప్టెంబరు 16న మళ్లీ ప్రమాణ స్వీకారం ఈ ఊరికి కొత్తగా చెప్పాల్సినవి కావు. ‘పదవి పోయి వచ్చింది’ అనగానే మన తరానికి అదే మెదులుతుంది.

పోలిక పెట్టండి, కానీ ఎక్కడ తెగుతుందో కూడా రాయండి. మన దగ్గర గవర్నర్ దించాడు, అక్కడ గవర్నర్‌నే దించారు. మన దగ్గర పరిష్కారం ప్రజా ఉద్యమంతోనూ కొత్త గవర్నర్ శంకర్‌దయాళ్ శర్మ నిర్ణయంతోనూ వచ్చింది, కోర్టు తీర్పుతో రాలేదు. అక్కడ మూడుసార్లూ కోర్టే. కోర్టు తిరిగి కూర్చోబెట్టిన ఉదాహరణ మన దేశంలోనే కావాలంటే అరుణాచల్ ప్రదేశ్ ఉంది. 2016 జులై 13న సుప్రీంకోర్టు నబమ్ టుకీ ప్రభుత్వాన్ని పునరుద్ధరించింది, మెజారిటీ మాత్రం కోర్టు ఇవ్వగలిగేది కాదు గనుక నాలుగు రోజుల్లోనే పెమా ఖండూ ముఖ్యమంత్రి అయ్యాడు. ఒబీకి ఆ బెడద లేదు. అక్కడ సభలో ఎవరెందరున్నా ఆయన నాలుగేళ్లు ఆయనవే.

క్రియాపదాలు, పేర్లు

కోర్టు వార్తల్లో తెలుగు దెబ్బతినేది ‘కొట్టివేసింది’ దగ్గర. అప్పీలును కొట్టివేస్తే కింది తీర్పు నిలుస్తుంది, తీర్పును కొట్టివేస్తే కింది తీర్పు పోతుంది. రెంటికీ క్రియ ఒక్కటే. ‘ఎన్‌గిగే కేసును అప్పీలు కోర్టు కొట్టివేసింది’ అన్న వాక్యం చదివి, ఎన్‌గిగే మీద ఉన్న కేసు పోయిందని, అంటే ఆయన బతికిపోయాడని అనుకునేవారు సగం మంది ఉంటారు. నేను పాటించే నియమం ఏమిటంటే, ఆ క్రియ వాడిన వెంటనే ఫలితం రాయాలి: ‘ఎన్‌గిగే అప్పీలును కోర్టు కొట్టివేయడంతో ఒబీ గవర్నర్ కావడానికి అడ్డంకి తొలగింది.’ అలాగే ట్రైబ్యునల్ ఒబీని ‘ఎన్నిక చేసింది’ అనకూడదు, ‘ఎన్నికైనట్టు ప్రకటించింది’ అనాలి.

పేర్ల విషయంలో నా అనుభవం చెప్పుకుంటే నవ్వులపాలే. ఫిబ్రవరి కాపీలో నేను ‘ఎనుగు అప్పీలు కోర్టు’ అని రాస్తే, అది నా దీర్ఘం లోపమనుకున్న ప్రూఫ్ రీడర్ శ్రద్ధగా దిద్దారు. మర్నాడు పేజీలో ‘ఏనుగు అప్పీలు కోర్టు’ వెలిసింది. అప్పటి నుంచి ‘ఎనుగు నగరంలోని అప్పీలు కోర్టు’ అని రాసి, ప్రూఫ్‌కు వెళ్లే కాపీ అంచున చిన్న గుర్తు పెడుతున్నాను.

చివరిగా నేపథ్యం పేరా

ఈ పాత కథ మీ బల్ల మీదకు ఇప్పటికీ వస్తూనే ఉంటుంది. ఒబీ 2010 ఫిబ్రవరిలో జరిగిన ఎన్నికలో గెలిచి 2014 మార్చి వరకు కొనసాగాడు, 2023లో లేబర్ పార్టీ తరఫున దేశాధ్యక్ష పదవికి పోటీచేసి మూడో స్థానంలో నిలిచాడు. గడియారం మారిపోవడం వల్ల అనంబ్రా గవర్నర్ ఎన్నిక మిగతా రాష్ట్రాలతో కలవకుండా 2013, 2017, 2021 నవంబరు నెలల్లో విడిగా జరిగింది. ఒక్క రాష్ట్రానికే ఎన్నికలేమిటని డెస్క్‌లో ఎవరైనా అడిగితే 2006 మార్చి 17 అనే తేదీ చూపించవచ్చు. ఎన్నికల కేసులు మూడేళ్లు సాగడం మీద వచ్చిన విమర్శల తర్వాత 2010లో రాజ్యాంగాన్ని సవరించి ట్రైబ్యునల్‌కు 180 రోజులు, అప్పీలుకు 60 రోజులు గడువు పెట్టారు. కాబట్టి కొత్త కేసుల్లో ఒబీ తరహా జాప్యం ఉంటుందని ఊహించి రాయకండి.

అలాంటి వార్త వచ్చినప్పుడు నేను కింద వాడే పేరా ఇది, కావలసినవారు వాడుకోవచ్చు:

‘2003 ఎన్నికలో పీటర్ ఒబీయే గెలిచినట్టు 2006 మార్చిలో అప్పీలు కోర్టు ఖరారు చేసింది. ఎన్నికైన గవర్నర్‌గా ఆయన ప్రమాణం చేసిన ఏడున్నర నెలలకు శాసనసభ అభిశంసించి తొలగించగా, అది చెల్లదని అదే కోర్టు 2007 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది. పదవి ఖాళీ కాకుండానే ఏప్రిల్‌లో జరిపిన ఎన్నికను పక్కనపెట్టిన సుప్రీంకోర్టు, ప్రమాణం చేసిన రోజు నుంచి ఒబీకి నాలుగేళ్లు ఉంటాయని జూన్‌లో స్పష్టం చేసింది.’

మూడు వాక్యాలు, మూడు పునరాగమనాలు, ప్రతిదానికీ దాని కారణం. పేజీలో జాగా లేదని పేజీలు అమర్చే మేకప్ వాళ్లు ఒత్తిడి చేస్తే ‘ఏడున్నర నెలలకు’ తీసేయండి, ‘ఎన్నికైన’ మాత్రం ఉంచండి.